పేతురు కుర్చీ

అసిరయ్య కాళ్ళ గురించి అసిరయ్య చెప్పినన్ని కథలు, భావనపాడు తీరంలో దేవుడి గురించి కూడా ఎవరూ చెప్పి ఉండరు. టేకు చేప తోకముల్లు మడమలో గుచ్చుకుంటే ముల్లే విరిగిందట. బొటనవేలు పట్టుకున్న పీత డెక్క ఊడి, పాపం, ఒంటి డెక్కతో బతుకు వెళ్ళదీసిందట. తిత్లీ తుపాను నాడు లంగరు తాడు తెగిన బోటును కుడికాలి బొటనవేలికి చుట్టుకుని తెల్లారేదాకా ఆపాడట.

"మరి నిద్దరెలగ పట్టింది బావా?" అని బావమరిది నూకయ్య అడిగితే, "ఎడం కాలు ముడుసుకుని తొంగున్నాను రా. దానికేటి పని?" అనేవాడు తడుముకోకుండా.

ఆ కాళ్ళకు ఏడాదికొక పండగ ఉంది. పేటలో క్రైస్తవుల ఇళ్ళు కొద్దిగానే ఉన్నాయి. మిగతా ఊరు గంగమ్మకు మొక్కుకుని వేటకు వెళ్తుంది, వీళ్ళు మరియమ్మకు మొక్కుకుని వెళ్తారు. సముద్రం మాత్రం ఇద్దరినీ ఒక్కలాగే తడుపుతుంది. ఈస్టరుకు ముందు పవిత్ర గురువారం సాయంత్రం, గుడిలో పూజ మధ్యన ఫాదరుగారు పన్నెండు మందిని కుర్చీల్లో కూర్చోబెడతారు. నడుముకు తువ్వాలు కట్టుకుని, మోకాళ్ళ మీద వంగి, ఒక్కొక్కరి కాళ్ళూ కడుగుతారు. ఏసు ప్రభువు తన శిష్యులకు చేసిన సేవ అది. ప్రభువు చేశాడు కాబట్టి ఫాదరు చేస్తాడు, ఫాదరు చేస్తాడు కాబట్టి పేట కన్నార్పకుండా చూస్తుంది.

పన్నెండింటిలో పదకొండు ప్లాస్టిక్ కుర్చీలు. మొదటిది మాత్రం చేతులున్న టేకు కుర్చీ. ఎప్పటిదో, ఏ దొర ఫాదరు విడిచిపోయిందో ఎవరికీ తెలియదు. దాని పేరు పేతురు కుర్చీ. శిష్యుల్లో పెద్దవాడు పేతురు కదా, అతనూ చేపలు పట్టినవాడే కదా. అసిరయ్యకు బాప్తిస్మంలో పెట్టిన పేరు కూడా పేతురే. అందుచేత ఆ కుర్చీ అతనిది. తండ్రి తన కోసమే దాన్ని ఓడలో తెప్పించాడని కూడా చెబుతాడు గానీ, అది నమ్మినవాళ్ళు లేరు. నూకయ్య బాప్తిస్మం పేరు అంద్రెయ, అంటే పేతురు తమ్ముడి పేరు. అందుచేత అతనిది పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీ. అక్కడి నుంచి టేకు కుర్చీ వైపు నూకయ్య చూసే చూపు, వల కింద పడిన చేపను కాకి చూసే చూపు.

కొన్నేళ్ళ కిందట ఒడ్డుకు లాగుతున్న బోటు కింద పడి అసిరయ్య మోకాలు నలిగిపోయింది. వేట పోయింది. ఇప్పుడు ఒడ్డున తాటాకు పాకలో వలలు కుడతాడు, కథలు చెబుతాడు. కుట్టిన వలకన్నా చెప్పిన కథ పొడుగు. ఇల్లు నడిచేది భార్య బుల్లమ్మ నెత్తిమీది చేపల గంపతోనే. అందుకే అతనికి ఆ కుర్చీ కావాలి. అందులో కూర్చున్న కాసేపూ అతను పాకలో ముసలాడు కాదు, సముద్రం మీద నుంచి దిగి వచ్చిన మనిషి.

ఈ పండగకు ముందు ఒక ముచ్చట ఉంది. ఫాదరు కాళ్ళు కడుగుతాడంటే, కడగబోయే కాళ్ళను ఎవరైనా అలాగే పట్టుకెళ్తారా? దేవుడి మనిషి చేతిలో మురికి పెడతారా? వారం ముందు నుంచీ పేటలో పన్నెండు ఇళ్ళలో వేణ్ణీళ్ళు కాగుతాయి. కొబ్బరి పీచుతో మడమలు తోముతారు, గోళ్ళు తీస్తారు, గంధం సబ్బు రాస్తారు. నిరుడు బాబీ అనే కుర్రాడు టెక్కలి వెళ్ళి, పార్లరులో కూర్చుని, కాళ్ళకు ఏదో క్రీము పట్టించుకుని వచ్చాడు. గుడిలోకి నేలకు ఆనకుండా చేతుల్లో మోసుకు రావలసిన కాళ్ళలా ఉన్నాయవి.

నిరుడే ఈ గుడికి కొత్తగా ఫాదర్ ధనరాజ్ వచ్చాడు. సాలూరు వాడు, చిన్న వయసు, నవ్వు మొహం. ఈ ఏడు, ఆ గురువారానికి నాలుగు రోజుల ముందు, మట్టల ఆదివారం నాడు పూజ ముగించి, వెళ్ళబోతున్న జనాన్ని ఆపాడు.

"ఒక్క మాట. పోయినేడు గురువారం నేను కడిగింది కాళ్ళు కాదు. సబ్బులు."

జనం నవ్వారు. ఆయనా నవ్వాడు.

"మా నాన్న సాలూరులో లారీ క్లీనరు. నేనూ చిన్నప్పుడు టైర్లు కడిగేను. ఘాటు రోడ్డు దిగొచ్చిన టైరును కడిగితే అది కడగడం. షోరూములో టైరు మీద నీళ్ళు పోస్తే ఏటి లాభం? ఈసారి ఎవరూ ఇంటికాడ కాళ్ళు కడుక్కు రావద్దు. పని మీంచి లేచి నేరుగా రండి. పని మీంచి వచ్చినోళ్ళే కుర్చీల్లో కూర్చోండి. ఆడోళ్ళు కూడా కూర్చోవాల. జగ్గమ్మా, బుల్లమ్మా, మీరిద్దరూ రావాల."

గుడి బయట పెద్ద రగడ అయింది. మురికి కాళ్ళతో గుడికా అని కొందరు, ఆడవాళ్ళ కాళ్ళు ఫాదరు పట్టుకోవడమా అని కొందరు. అసిరయ్యకు అవేవీ వినబడలేదు. ఒక్క మాటే చెవిలో దోమలా తిరుగుతోంది. పని మీంచి వచ్చినోళ్ళే.

నూకయ్య భుజం మీద తువ్వాలు దులుపుకుంటూ వచ్చాడు. "నాను వేట మీంచి నేరుగా వొచ్చీస్తాను. మరి నువ్వెక్కడి నుంచొస్తావు బావా? మంచం మీంచా?"

"ఒరే, నాను పన్జేసిన కాలంలో నువ్వు ముక్కు తుడుసుకోడం కూడా రానోడివి రా."

"ఆ కాలం కాళ్ళు ఇప్పుడు కడుగుతారేటి? కుర్సీ కాళీ సేసీ. పదిలంగా సూసుకుంటాన్లే."

ఇంటికి వచ్చి అసిరయ్య అన్నం ముందు మొహం వేలాడేసుకుని కూర్చున్నాడు. బుల్లమ్మ చేప ముక్క వేస్తూ అంది, "వల కుట్టడం పని కాదేటి మావా? పాకలోంచి లేసి అలగే ఎల్లు."

"వల కుడితే సేతులు మాస్తాయి గానీ కాళ్ళేటి మాస్తాయే? సుబ్బరంగా సాపుకుని కూకుంటాను కదా. మరి నువ్వొస్తావేటి?"

"నానెందుకు? నా కాళ్ళు నలుగురికీ సూపించుకునేవేటి?" అని ఆమె చీర కుచ్చిళ్ళు కాళ్ళ మీదికి లాక్కుంది. అలా లాక్కోవడం ఆమెకు అలవాటు. అసిరయ్య ఆ కాళ్ళ వైపు చూడలేదు. అతని కళ్ళ ముందు టేకు కుర్చీ ఒక్కటే ఉంది, అందులో నూకయ్య కూర్చుని కాలు ఊపుతున్నాడు.

గురువారం వచ్చింది. బుల్లమ్మ తెల్లవారకముందే గంప ఎత్తుకుని టెక్కలి పోయింది. మధ్యాహ్నం వీధిలో ఎవరూ లేనప్పుడు అసిరయ్య తలుపు దగ్గరగా వేసి పనిలోకి దిగాడు.

ముందుగా కాళ్ళు శుభ్రంగా కడిగాడు. ఫాదరు వద్దన్నాడు, నిజమే. అయినా అది ఆయన మర్యాద. మన మర్యాద మనకు ఉండాలి కదా! పీచు పెట్టి తోమి, గంధం సబ్బు రాసి, బొటనవేలి గోరు మీద తన మొహం కనబడేదాకా మెరిపించాడు. ఆ తర్వాత మురికి తయారీ మొదలుపెట్టాడు. ఎలాంటి మురికి పడితే అలాంటిది పనికిరాదు, ఫాదరు చేతికి గుచ్చుకోకూడదు. పేట పక్కన పారే గెడ్డలోంచి తెచ్చి ఉంచిన నల్ల బురదను చిన్న కన్ను వలలో జల్లించాడు. ముల్లూ గవ్వా ఏరేశాడు. బోటు ఇంజను ఆయిలు ఒక్క బొట్టు, వాసన కోసం. దాన్ని పెళ్ళికొడుక్కి నలుగు పెట్టినంత శ్రద్ధగా పాదాలకు పట్టించాడు. ఇంకా ఏదో తక్కువైనట్టు తోచింది. ఇంట్లో ఉన్న పాత గంపను దులిపి పండుగప్ప చేప పొలుసులు గుప్పెడు ఏరాడు. వాటిలో బాగా మెరిసేవి చూసి, ఉదయం గంజితో మడమకొకటి, చీలమండకొకటి అంటించాడు. విసనకర్రతో ఆరబెట్టుకున్నాడు.

అద్దం లేదు గానీ ఉంటే మురిసిపోయేవాడు. ముప్పై ఏళ్ళు వేటాడిన రోజుల్లో కూడా అతని కాళ్ళు ఇంత వేటగాడి కాళ్ళలా లేవు.

పెచ్చులు ఊడకుండా మెల్లగా నడుచుకుంటూ గుడికి వెళ్ళి పేతురు కుర్చీలో కూర్చున్నాడు. నూకయ్య మోకాళ్ళ దాకా ఇసుకతో వచ్చి, అతని కాళ్ళు చూసి నిలబడిపోయాడు.

"ఏటి బావా, వేటకెల్లీసినావేటి?"

"మరేటనుకున్నావు? కోడి కూయకముందే తెప్పేసుకుని ఒక్కడినే ఎల్లినాను. పండుగప్ప ఒకటి ఎదురొచ్చింది. మన గుడి తలుపంత ఉన్నాది. తోకతో ఒక్క దెబ్బ కొట్టింది, నాను కాలితో ఒక్కటిచ్చినాను. సూడు, పొలుసులింకా అంటుకునే ఉన్నాయి."

"మరి సేపేదీ?"

"ఇడిసిపెట్టీసినాను. తపస్సు కాలం, ఉపాసాల రోజులు కదా."

నూకయ్యకు నమ్మకం కుదరలేదు గానీ పొలుసులు ఎదురుగా కనబడుతున్నాయి. వెళ్ళి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. పన్నెండు కుర్చీల్లో చివరిది ఒక్కటే ఖాళీ. అది బుల్లమ్మది.

పూజ మధ్యకు వచ్చింది. ఫాదర్ ధనరాజ్ పైవస్త్రం తీసి, తువ్వాలు కట్టుకుని, ఇత్తడి చెంబూ పళ్ళెమూ పట్టుకుని మొదటి కుర్చీ ముందు మోకాళ్ళూనాడు. అసిరయ్య కుడికాలు చాపాడు. చెంబులోంచి నీళ్ళు పాదం మీద పడ్డాయి.

నిజమైన మురికి అయితే పట్టుదలగా ఉండేది. ఇది ముచ్చట పడి పెట్టుకున్న మురికి. మొదటి ధారకే బురదంతా మేజోడు జారినట్టు ఒక్కసారిగా పళ్ళెంలోకి జారిపోయింది. పండుగప్ప పొలుసు గంజి ముద్దతో సహా పైకి తేలింది. కింద అసిరయ్య పాదం ఒలిచిన తాటి ముంజెలా తెల్లగా మెరిసింది. గుడంతా గంధం గుప్పుమంది.

నూకయ్య ముక్కు ఎగబీల్చాడు. "బావా, మన గెడ్డలో బురదకి గంధం వాసనెప్పటి నుంచొచ్చింది?"

పాటలు పాడే ఆడపిల్లలే ముందు నవ్వారు. తర్వాత గుడంతా నవ్వింది. ఫాదరు తల దించుకునే ఉన్నాడు గానీ, భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. కాసేపటికి తల ఎత్తి మెల్లగా అడిగాడు. "తాతా, పండుగప్ప గంజి కూడా తాగి వచ్చిందా?"

అసిరయ్య నోట్లో కథ సిద్ధంగానే ఉంది. సముద్రంలో గంజి పారబోసే ఓడలుంటాయని చెప్పొచ్చు. కానీ తన పాదం కింద పట్టుకున్న ఆ చెయ్యి ఇంకా అలాగే ఉంది, విదిలించలేదు. ఆ చేతిని చూశాక కథను పక్కన పెట్టాడు.

"మీ సేతికి మురికంటకూడదని కడిగినాను ఫాదర్," అన్నాడు లోగొంతుతో. "నలుగురిలో పని లేనోడిలా కూకోకూడదని పూసినాను."

నవ్వు ఆగిపోయింది. అంతలో తలుపు దగ్గర అలికిడైంది.

బుల్లమ్మ వచ్చింది. నెత్తిమీద ఖాళీ గంప, చంకలో తెగిన చెప్పుల జత. ఆటో దారిలో నౌపడ దగ్గర ఆగిపోతే, పూజ అయిపోతుందేమోనని రోడ్డు విడిచి ఉప్పు మడుల గట్ల మీదుగా అడ్డంగా నడిచి వచ్చిందట. గుడి చివర స్తంభం చాటున నిలబడి, గంప దించి, కుచ్చిళ్ళు కాళ్ళ మీదికి లాక్కుంది. ఈసారి కుచ్చిళ్ళు చాలలేదు. నడక కోసం చీర ఎగదోపి కట్టుకుంది.

"అమ్మా బుల్లమ్మా," అని ఫాదరు పిలిచాడు. "నీ కుర్చీ ఖాళీగా ఉంది. రా."

"నానిక్కడే ఉంటాను ఫాదర్. నా కాళ్ళు బాగోనేవు. వొచ్చే ఏడు కడుక్కునొస్తాను."

అందరూ ఆమె కాళ్ళ వైపే చూశారు. అసిరయ్య కూడా చూశాడు. పెళ్ళైన ఇన్నేళ్ళలో అదే మొదటిసారి.

ఒడ్డున బోర్లించిన పాత బోటు అడుగు చూశారా? ఎండకు చెక్కల అతుకులు విచ్చుకుని ఉంటాయి. అలా ఉన్నాయి ఆ మడమలు. అతుకుల్లో ఉప్పు తెల్లగా పేరుకుంది, ఉప్పు పట్టిన చోట ఎర్రగా చెమ్మ. వేళ్ళ సందుల్లో మడి బురద, పాదాల మీద సంతలో తిరిగిన మురికి, చీలమండ దగ్గర ఎప్పుడో ఎండిపోయిన పొలుసు. దాన్ని గంజితో ఎవరూ అంటించలేదు. ఊళ్ళో ఏ బోటుకు ఎక్కడ అతుకు విచ్చిందో దూరం నుంచి చూసి చెప్పే మనిషికి, తన ఇంట్లో బోటు ఇంతగా ఎండిందని తెలియలేదు.

తను పడిపోయిన నాటి నుంచీ ఇల్లంతా ఆ బోటు మీదే ఉంది.

అసిరయ్య లేచాడు. ఒక కాలు తెల్లగా, ఒక కాలు నల్లగా, కుంటుకుంటూ గుడి పొడుగునా నడిచాడు. ఎవరూ నవ్వలేదు. బుల్లమ్మ చెయ్యి పట్టుకుని, "రాయే," అన్నాడు.

"ఏటి మావా, జనం సూస్తన్నారు."

"సూస్తారనే గదా. రా."

చివరనున్న ప్లాస్టిక్ కుర్చీ దాటించి ఆమెను ముందుకు నడిపించుకు వచ్చాడు. పేతురు కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆమె కూర్చున్నదే గానీ వీపు ఆనించలేదు. అసిరయ్య తన నలిగిన మోకాలును రెండు చేతులా పట్టుకుని వంచి, నేల మీద ఆనించాడు. ఎముక చేసిన చప్పుడు గుడంతా వినబడింది. డాక్టరు ఆ మోకాలు ఇక వంగదని చెప్పాడు. ఆ మాట ఆ రోజు మోకాలికి గుర్తు లేదు.

"ఆ తువ్వాలిలా ఇయ్యండి ఫాదర్."

ఫాదర్ ధనరాజ్ నడుముకున్న తువ్వాలు విప్పి అతని భుజం మీద వేశాడు. చెంబు మాత్రం తానే పట్టుకుని పక్కన మోకాళ్ళూనాడు. "నేను నీళ్ళు పోస్తాను. నువ్వు కడుగు తాతా."

బుల్లమ్మ కాళ్ళు వెనక్కి లాక్కుంది. "నీకేటి మతి పోనాదా? మొగోడివి, నువ్వు నా కాళ్ళు ముట్టుకోడమేటి? నానొప్పుకోను!"

"అమ్మా," అన్నాడు ఫాదరు, "ఆ రోజు ప్రభువు వంగితే పేతురు కూడా అచ్చం ఇలాగే గోల చేశాడు. ఇన్నేళ్ళ నుంచి ఈ కుర్చీలో కూర్చున్నోళ్ళు చాలామందే. ఇలా గోల చేసినోళ్ళు లేరు. ఇవాళ సరైన మనిషి కూర్చుంది."

ఆ మాటకు ఆమె కాళ్ళు కాస్త ముందుకు వచ్చాయి. అసిరయ్య వాటిని పట్టుకున్నాడు. ఉప్పు మీద నీళ్ళు పడగానే ఆమె "స్స్" అంది. అతని చెయ్యి మెత్తబడింది. వలలో చిక్కిన చేపను మొప్ప తెగకుండా విడిపించే చేతులవి. ఒక్కో పగులులోంచి ఉప్పు జార్చాడు, వేళ్ళ సందు బురద తీశాడు. పళ్ళెంలో నీళ్ళు నల్లబడ్డాయి. ఫాదరు వాటిని పారబోయించి మళ్ళీ నింపాడు, అవీ నల్లబడ్డాయి.

"ఘాటు దిగొచ్చిన టైరు," అన్నాడు ఫాదరు సంతోషంగా.

"ఘాటు కాదు ఫాదర్, టెక్కలి సంత," అంది బుల్లమ్మ. ఏడుస్తూనే అంది.

అసిరయ్య తువ్వాలుతో ఆ పాదాలు ఒత్తి తుడిచి, తన తొడ మీద పెట్టుకుని, జనం వైపు తిరిగాడు. తుపానును బొటనవేలికి చుట్టిన కథ చెప్పిన నాడు కూడా అతని మొహంలో అంత వెలుగు లేదు.

"సూడండ్రా," అన్నాడు. "నా కాళ్ళ గురించి సెప్పినవన్నీ కతలే. ఇది కత కాదు. నా ఇల్లు నిలబడింది ఈటి మీద. నమ్మకపోతే టెక్కలి రోడ్డునడగండి."

నూకయ్య తన ప్లాస్టిక్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. బుల్లమ్మ అతనికి సొంత అక్క. అక్క కాళ్ళ వైపు చూసి కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత, మురికి కాళ్ళతోనే, నీళ్ళ బిందె తెచ్చి ఫాదరు పక్కన పెట్టాడు. మిగిలిన కాళ్ళన్నీ ఫాదరు కడిగాడు, అసిరయ్య తుడిచాడు. నూకయ్య వంతు వచ్చినప్పుడు మాత్రం తువ్వాలు కాస్త గట్టిగానే రుద్దాడు.

ఈస్టరు వెళ్ళిన మరుసటి వారం పాకలో కథలు మళ్ళీ మొదలయ్యాయి.

"బుల్లమ్మ కాళ్ళు కడిగిన నీళ్ళు గుడి వెనక పారబోసినారు రా," అంటున్నాడు అసిరయ్య వల కుడుతూ, "తెల్లారీసరికి అక్కడ ఉప్పు మడి కట్టీసింది. నౌపడ నుంచి లారీలొచ్చి ఎత్తుకెల్లినాయి."

"ఎన్ని లారీలు బావా?"

"సాలూరులో ఉన్నవన్నీ."

నవ్వులు ఆగాక నూకయ్య గొంతు సవరించుకున్నాడు. "అయితే బావా, వొచ్చే ఏడు ఆ టేకు కుర్సీ..."

"నువ్వే కూకో రా. కావాలంటే ఇంటికి పట్టుకుపో. నాకు తువ్వాలున్నాది. ఫాదరు నా దగ్గరే ఉంచుకోమన్నాడు." పాక స్తంభానికి, సూదులూ దారాలూ వేలాడే మేకుకు, ఉతికి ఆరేసిన తువ్వాలును చూపించాడు.

అప్పుడే బుల్లమ్మ గంప ఎత్తుకుని పాక ముందు నుంచి వెళ్తోంది. చీర నడకకు అడ్డం రాకుండా చీలమండల పైకి దోపుకుంది. కాళ్ళు కనబడుతున్నాయి. ఎవరైనా చూస్తున్నారా అని కూడా చూసుకోలేదు. మడమలకు రాత్రి అసిరయ్య రాసిన కొబ్బరినూనె ఎండలో మెరుస్తోంది.

"ఏటి సెప్తన్నావు మావా, నా కాళ్ళ మీద కతలు?"

"నీ కాళ్ళ మీద కతలెందుకే? ఉన్నది సెప్తే సాలదేటి?"

"లారీలొచ్చినాయని ఇన్నాను మరి."

"అది ఉప్పు సంగతి," అన్నాడు అసిరయ్య. ఆమె ఇసుక దిబ్బ దాటేదాకా సూది ఆపి చూస్తూ కూర్చున్నాడు.